పళ్ళ పసుపు పోవాలంటే ఇంట్లోనా, డెంటిస్ట్ దగ్గరా? రెండూ చేసి చూశాక నా మాట

పళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయనీ, వీడియో కాల్స్‌లో నోరు మూసుకునే నవ్వుతున్నాననీ, రెండు నెలల్లో ఇంటర్వ్యూలు ఉన్నాయనీ రాశారు. ఇంటి చిట్కాలు సరిపోతాయా, డెంటిస్ట్ దగ్గర బ్లీచింగ్ (మందుతో పళ్ళ రంగు తెల్లబరచడం) చేయించుకోవాలా అన్నది మీ ప్రశ్న. నేను రెండూ చేశాను. అంతకంటే ముందు చేయకూడనిది ఒకటి చేశాను. మీరు రాసిన చిట్కాల్లో అదీ ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

నిమ్మరసంలో వంటసోడా కలిపి పళ్ళకు రుద్దడం. వారం రోజులు పట్టుదలగా చేశాను. రెండూ కలపగానే బుసబుసా నురగ వస్తుంది కదా, అది చూసి ఏదో గట్టి పనే జరుగుతోందనుకున్నాను. నిజానికి ఆ నురగ ఆమ్లమూ సోడా ఒకదాన్నొకటి విరిచేసుకుంటుంటే వచ్చే కార్బన్ డయాక్సైడ్. పళ్ళకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. విరగకుండా మిగిలిన నిమ్మరసంతోనే అసలు చిక్కు. నోట్లో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర, అంటే ఎనామిల్, కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. అలా మెత్తబడ్డ పొర మీద నేను బ్రష్‌తో బరబరా రుద్దాను. ఐదో రోజుకు పళ్ళు పులిసిపోయాయి. చల్లనీళ్లు తాగితే జివ్వుమని నెత్తికెక్కేది.

ఎనామిల్‌లో ప్రాణమున్న కణాలు ఉండవు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే కనుమరుగవుతాయి. లాలాజలం, ఫ్లోరైడ్ కలిసి మెత్తబడ్డ చోట్ల కొంత గట్టిపరచగలవు గానీ, అరిగిపోయిన పొర మళ్ళీ పెరగదు. ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎనామిల్ కొంచెం పారదర్శకంగా ఉంటుంది, దాని కింద ఉండే డెంటిన్‌ది సహజంగానే పసుపు రంగు. పైపొర పలచబడేకొద్దీ కింది పసుపు ఎక్కువ కనిపిస్తుంది. వయసుతో అందరి పళ్ళూ పచ్చబడేది కూడా చాలావరకు ఇందుకే. పసుపు వదిలించుకోబోయి నేను దాన్ని పైకి తెచ్చుకుంటున్నానన్నమాట.

ఒక్క వంటసోడా అయితే అంత ప్రమాదం కాదు. అది మెత్తటి పొడి, పైపైన పట్టిన మరక కొంత వదులుతుంది. బొగ్గుపొడి పేస్టులు మాత్రం నాకు నచ్చవు. తెల్లబరుస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, కొన్ని బాగా గరుకుగా ఉంటాయి. పైగా ఆ నలుపు చిగుళ్ళ అంచుల్లో, పాత ఫిల్లింగుల సందుల్లో ఇరుక్కుంటుంది.

పళ్ళు పులిశాక భయపడి డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే బ్లీచింగ్ గురించి అడిగాను. ఆవిడ దాని ఊసెత్తకుండా నన్నే ప్రశ్నలు వేశారు. పొగ తాగుతారా, కాఫీ టీలు ఎన్నిసార్లు, చిన్నప్పుడు యాంటీబయాటిక్స్ ఏమైనా ఎక్కువగా వాడారా, ఇప్పుడు ఏ మౌత్‌వాష్ వాడుతున్నారు అని. చివరి ప్రశ్న దగ్గర దొరికిపోయాను. ఆర్నెల్ల కిందట చిగుళ్ళ వాపుకు క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ రాసిచ్చారు. రెండు వారాలే వాడమన్నారు. నోరు ఫ్రెష్‌గా ఉంటోందని నేను ఆపలేదు. ఆ మందు ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి. అందరికీ తెలిసిన విషయమే, డబ్బా మీద కూడా రాసి ఉందట. నేను చదివితేగా!

అంటే నేను పసుపు అనుకున్నదాంట్లో సగం పైన పట్టిన మరకే. మిగతాదాంట్లో కొంత గార. క్లీనింగ్‌తోనే అది పోయింది. బ్లీచింగ్ అక్కర్లేకుండానే అద్దంలో తేడా తెలిసింది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని చాలామంది భయపెడతారు. గట్టిపడిన గార పోగానే పంటి సందులు ఖాళీగా, కొత్తగా అనిపిస్తాయి, అంతే. పళ్ళను వదులు చేసేది ఆ గార వల్ల వచ్చే చిగుళ్ళ జబ్బు.

అందుకే మీకు ముందుగా చెప్పేది: మీ పసుపు ఏ రకమో తెలుసుకోండి. పైన పట్టినదైతే (కాఫీ, టీ, పొగాకు, మౌత్‌వాష్) క్లీనింగ్‌కు లొంగుతుంది. పంటి లోపలి రంగైతే ఎంత రుద్దినా పోదు, బ్లీచింగే కావాలి. చిన్నప్పుడు వాడిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వల్ల వచ్చిన బూడిదరంగు చారలైతే బ్లీచింగ్ కూడా నెలల తరబడి పడుతుంది. ఒక్క పన్నే నల్లబడి ఉంటే అది అసలు తెల్లబరిచే విషయమే కాదు. ఎప్పుడో దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు, ముందు ఎక్స్‌రే తీయించాలి.

క్లీనింగ్ తర్వాత మిగిలిన రంగు నా పళ్ళ సొంత రంగు. ఆవిడ షేడ్ గైడ్ పట్టుకుని చూశారు. పింగాణీ పళ్ళు వరసగా గుచ్చిన పట్టీలాంటిది, ఎక్కువగా వాడే దాంట్లో 16 రంగులుంటాయి. కోరపళ్ళు అందరికీ మిగతావాటికంటే ఒక పిసరు పచ్చగానే ఉంటాయని అప్పుడే తెలిసింది. అప్పటిదాకా వాటినే అద్దంలో చూసుకుని కుమిలిపోయేవాణ్ణి. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేదేమో గానీ, ఆశ ఊరుకోదు కదా.

ఆవిడ రెండు దారులు చెప్పారు. ఒకటి క్లినిక్‌లో గంటా గంటన్నరలో అయిపోయేది. రెండోది జెల్ వేసి పళ్ళకు తొడుక్కునే ట్రేలు తీసుకెళ్ళి ఇంట్లో రాత్రిపూట పెట్టుకునేది. ఆవిడ మొగ్గు రెండోదానికే. నాకు తొందర ఎక్కువ, మొదటిదే అన్నాను.

క్లినిక్‌లో వాడేది గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే బ్లీచింగ్ మందు, 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. చిగుళ్ళకు తగిలితే కాలి తెల్లబడతాయి కాబట్టి ముందు వాటిమీద రబ్బరులాంటి పూత గట్టిపరుస్తారు. జెల్ రాయడం, ఆగడం, తుడవడం, మళ్ళీ రాయడం. నీలం లైటు కూడా పెట్టారు. అది ఆర్భాటానికే ఎక్కువ, చివరికి తేలే రంగులో పెద్ద తేడా ఉండదని ఆవిడే నవ్వుతూ చెప్పారు. లేచి అద్దం చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, పళ్ళు ధగధగలాడాయి. ఆ రాత్రి మాత్రం ఉన్నట్టుండి ఒక్కో పంట్లో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి. తెల్లారేసరికి తగ్గింది. వారం తిరిగేసరికి తెలుపూ కొంత తగ్గింది. గంటసేపు నోరు తెరిచి ఉంచడంతో పళ్ళు ఎండిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయట, తడి మళ్ళీ చేరాక అసలు రంగు తేలుతుంది. ముందు ఫొటో, వెనక ఫొటో పక్కపక్కన పెట్టి చూపించే ప్రకటనల్లో ఆ రెండో ఫొటో ఎప్పుడు తీశారో అని అప్పట్నుంచీ నాకు అనుమానమే.

దాంతో ఆవిడ చెప్పిన రెండో దారికే వచ్చాను, ట్రేలు. ఈ పద్ధతి పుట్టుక తమాషాగా ఉంటుంది. 1960ల్లో అమెరికాలో క్లుస్మియర్ అనే ఆర్థోడాంటిస్ట్ (వంకర పళ్ళు సరిచేసే డాక్టర్) చిగుళ్ళు మానడానికని ఒక యాంటీసెప్టిక్‌ను ట్రేలో వేసి రాత్రంతా పెట్టుకోమనేవాడు. చిగుళ్ళు బాగయ్యాయి, పళ్ళు కూడా తెల్లబడ్డాయి. అందులో ఉన్నది 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. 1989లో హేవుడ్, హేమన్ అనే డెంటిస్టులు దీన్ని దంతవైద్య పత్రికలో ప్రచురించాక ప్రపంచమంతా పాకింది. నాకిచ్చిందీ అదే 10 శాతం జెల్. అది నోట్లో విడిపోతే వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే. ఎనామిల్‌ను గీకదు, దానిలోంచి ఇంకి లోపలి రంగు అణువులను విరగ్గొడుతుంది.

పళ్ళ అచ్చు తీసి పలచటి ప్లాస్టిక్ ట్రేలు చేసిచ్చారు. పడుకునే ముందు పంటికో చిన్న చుక్క వేసి పెట్టుకోవాలి. మొదట్లో ఉదారంగా నింపేశాను, అదంతా చిగుళ్ళ మీదికి పొంగి మండింది. చిగురుకు తగిలింది వెంటనే తుడిచేయాలి. నాలుగో రోజు పళ్ళ మీద తెల్ల మచ్చలు కనిపించి ప్రాణం పోయినంత పనైంది. ఆ మచ్చలు ముందునుంచే ఉంటాయి, బ్లీచింగ్‌లో మిగతా పన్నుకంటే ముందు తేలతాయి, చుట్టూ తెల్లబడ్డాక చాలావరకు కలిసిపోతాయి. నాకూ అలాగే అయింది. జివ్వుమన్నప్పుడు ఒక రాత్రి మానేసి, పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టుతో తోముకునేవాణ్ణి. మూడు వారాలకు వచ్చిన రంగు క్లినిక్ మెరుపంత కాదు గానీ నిలిచింది.

షాపుల్లో దొరికే స్ట్రిప్స్ (పళ్ళకు అతికించుకునే పట్టీలు)లో ఉండేది కూడా పెరాక్సైడే. పళ్ళు వరసగా ఉన్నవాళ్ళకు బాగానే పనిచేస్తాయి. వంకర పళ్ళకు పట్టీ అతుక్కోని చోట రంగు అలాగే ఉండిపోతుంది. వైటెనింగ్ పేస్టులు పైమరక వరకే. కొన్నింటిలో ఉండే నీలం రంగు పసుపును కాసేపు కప్పిపెడుతుంది.

క్యాపులు, ఫిల్లింగులు తెల్లబడవు, ఇది మాత్రం మరిచిపోకండి. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి విరిగిన నా ముందు పన్ను మూలకు ఫిల్లింగ్ ఉంది. చుట్టూ అన్నీ తెల్లబడ్డాక అది ఒక్కటే పచ్చగా ఎత్తి చూపినట్టు కనిపించింది. మార్చమంటే వెంటనే కుదరదన్నారు. బ్లీచింగ్ అయ్యాక పంట్లో మిగిలే ఆక్సిజన్ వల్ల కొత్త ఫిల్లింగ్ సరిగా అతుక్కోదు, రెండు వారాలు ఆగాలి. రంగు కూడా అప్పటికి స్థిరపడుతుంది.

మీకు రెండు నెలలున్నాయి కాబట్టి లెక్క సరిపోతుంది. ఈ వారంలోనే చూపించుకుని క్లీనింగ్ చేయించుకోండి. పిప్పి పన్నో, చిగుళ్ళ నుంచి రక్తమో ఉంటే ముందు ఆ వైద్యం జరగాలి, లేకపోతే జెల్ నరందాకా మండుతుంది. క్లీనింగ్ తర్వాత అద్దం చూసుకుని, ఇంకా కావాలనిపిస్తేనే ట్రేలు. రెండు మూడు వారాలు పెట్టుకోండి, మరో రెండు వారాలు ఆగండి, ముందు పళ్ళలో ఫిల్లింగ్ ఉంటే అప్పుడు మార్పించుకోండి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఇప్పుడు వద్దు, తర్వాత చేయించుకోవచ్చు.

నాకు రెండేళ్ళయింది. కాఫీ మానలేదు, తాగాక నీళ్ళు పుక్కిలిస్తాను. ఆరేడు నెలలకోసారి రెండు మూడు రాత్రులు ట్రే పెట్టుకుంటాను. ట్రేలను మాత్రం చన్నీళ్ళతోనే కడగండి. శుభ్రంగా ఉంటుందని నా మొదటి జతను మరిగే నీళ్ళలో వేశాను, ముడుచుకుపోయింది. మళ్ళీ అచ్చు తీయించుకోవాల్సి వచ్చింది.