మ్యాచ్‌లెస్ డీసీ-30, లైట్నింగ్ 15: గెయిన్ తేడా అసలు ఎక్కడుంది?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాట్, ఆదివారం చర్చిలో వాయింపు, ఎప్పుడో నెలకో పబ్ షో. గిటార్లు స్ట్రాట్, లెస్ పాల్. అమెరికా నుంచి వచ్చే మీ అన్నయ్య సెకండ్ హ్యాండ్ మ్యాచ్‌లెస్ కంపెనీ గిటార్ ట్యూబ్ ఆంప్ ఒకటి తెస్తానన్నారు. డీసీ-30 తెప్పించుకోవాలా, లైట్నింగ్ 15 సరిపోతుందా? డీసీ-30లో గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, రెట్టింపు ఉంటుందా?

మొదటి ఛానెల్ వరకూ ఉండదండీ. రెండు ఆంప్‌లనూ దగ్గరగా వాడి చూసి చెబుతున్నాను. డీసీ-30 మొదటి ఛానెల్, లైట్నింగ్ 15 ఒకే గూటివి. రెండింటిదీ వాక్స్ ఆంప్‌ల టాప్ బూస్ట్ సర్క్యూట్ వంశమే. ముందు సిగ్నల్‌ని పెంచే 12ఏఎక్స్7 ట్యూబ్, ట్రెబుల్, బాస్ నాబులు, వెనక స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబులు ఈఎల్84లు. 30లో నాలుగు, 15లో రెండు. గిటార్ సిగ్నల్‌ని ముందు భాగం పెంచే మోతాదు దాదాపు ఒకటే. మారేది ఆ సిగ్నల్‌కి వెనక ట్యూబులు ఎప్పుడు లొంగిపోతాయన్నది. లైట్నింగ్‌లో రెండే ఈఎల్84లు కాబట్టి వాల్యూమ్ నాబ్ గడియారం లెక్కన పదకొండు, పన్నెండు దగ్గరికి రాగానే స్ట్రాట్‌తోనే అంచులు గరుకెక్కుతాయి. డీసీ-30లో అక్కడ ఇంకా క్లీన్‌గానే ఉంటుంది. అందుకే చిన్నదానికే గెయిన్ ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ కాదు, త్వరగా వస్తుంది, అంతే.

30 వాట్లు, 15 వాట్ల మధ్య తేడా 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపు శబ్దంలా తోచాలంటే 10 డెసిబెల్లు, అంటే పదిరెట్ల పవర్ కావాలి. మరి డీసీ-30 అంత పెద్దగా ఎందుకు వినిపిస్తుంది? కాంబోలో (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉన్న మోడల్) రెండు 12 అంగుళాల స్పీకర్లు ఉండటం వల్ల. ఒకటి గ్రీన్‌బ్యాక్ తరహా జీ12ఎమ్, ఇంకోటి జీ12హెచ్. మొదటిది మధ్య స్థాయిలని ముందుకు తెస్తుంది, రెండోది అడుగునీ పై మెరుపునీ గట్టిగా పట్టుకుంటుంది. డీసీ-30 టోన్ అని మనం అనేదాంట్లో మంచి భాగం ఈ జంటదే. కాబట్టి పోల్చి చూసేటప్పుడు లైట్నింగ్‌ని ఒంటి స్పీకర్ మీద, డీసీ-30ని జంట మీద వినకండి. రెండింటినీ ఒకే క్యాబినెట్‌కి కలిపి వినండి. ఆంప్‌కీ స్పీకర్లకీ ఓమ్స్ సరిపోయాయో చూసుకోవడం మరచిపోవద్దు: 16 ఓమ్స్ స్పీకర్లు రెండు పారలల్‌గా ఉంటే 8, ఎనిమిదివి రెండైతే 4.

అసలు తేడా డీసీ-30 రెండో ఛానెల్‌లో ఉంది. అక్కడ ముందు ట్యూబ్ ఈఎఫ్86 అనే పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్ల ట్యూబ్). 12ఏఎక్స్7 ఒక్క స్టేజ్ సిగ్నల్‌ని యాభై, అరవై రెట్లు పెంచితే, ఈఎఫ్86 నూటికి పైనే పెంచగలదు. ట్రెబుల్, బాస్ నాబులు ఉండవు, మెట్లు మెట్లుగా తిరిగే టోన్ స్విచ్ ఒక్కటే. మధ్యలో సిగ్నల్‌ని తినే టోన్ సర్క్యూట్ లేకపోవడంతో శబ్దం దళసరిగా, నిండుగా ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ని రెండుగా విడదీసి వెనక ట్యూబులకి ఇచ్చే భాగం) మీదికి దూకుతుంది. స్ట్రాట్ మెడ పికప్‌తో ఒక్క తీగ మీటి వదలండి: మొదట గాజు మీద గోరు తగిలినట్టు, ఆ వెంటనే గుండ్రంగా ఉబ్బి, మెల్లగా చిక్కటి గరుకులోకి జారుతుంది. ఈ ఉబ్బు లైట్నింగ్‌లో రాదు, పెడల్‌తో కూడా రాదు. లెస్ పాల్‌తో మాత్రం జాగ్రత్త. టోన్ స్విచ్ బాస్ ఎక్కువుండే మెట్టు మీదుంటే కింది తీగలు ముద్దగా మారిపోతాయి. రెండు మెట్లు సన్నం వైపు తిప్పి, గిటార్ వాల్యూమ్ ఏడు దగ్గర పెట్టి మొదలుపెట్టండి. డిస్టార్షన్ పెడల్స్ ఈ ఛానెల్ ముందు పెట్టొద్దు, వాటిని మొదటి ఛానెల్‌కే ఇవ్వండి.

ఈఎఫ్86కి ఉన్న జబ్బు మైక్రోఫోనిక్స్. కాంబోలో స్పీకర్ అదురు నేరుగా ట్యూబ్‌కి తగిలి, వాల్యూమ్ పెంచగానే కూత వేస్తుంది, లేదా ప్రతి స్వరం వెనక గంట మోగినట్టు వినిపిస్తుంది. కొనేముందు వాల్యూమ్ సగం పెట్టి పెన్సిల్ వెనక కొసతో ట్యూబ్‌ని మెల్లగా తట్టమనండి. టక్‌మని వినిపిస్తే సహజమే. ఖంగుమని మోగి ఆగకపోతే ట్యూబ్ మార్చాలి. వేడికి తట్టుకునే సిలికాన్ రింగులు కొంత ఉపశమనం, అంతకంటే మంచి మందు హెడ్ (ఆంప్ మాత్రమే), స్పీకర్ క్యాబినెట్ విడిగా ఉన్న మోడల్ తీసుకోవడం.

టోన్ సెట్టింగ్‌లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. టాప్ బూస్ట్‌లో ట్రెబుల్, బాస్ రెండూ పెంచితే మధ్య స్థాయిలు గుంటపడతాయి, బ్యాండ్‌లో గిటార్ మాయమవుతుంది. బాస్ తొమ్మిది, ట్రెబుల్ పదకొండు దగ్గర మొదలుపెట్టండి. డీసీ-30లోని కట్ నాబ్ ట్రెబుల్‌కి నకలు కాదు. అది ఫేజ్ ఇన్వర్టర్ తర్వాత పనిచేస్తుంది, అందుకని డిస్టార్షన్ పుట్టించిన కరకర మీదే కత్తెర వేస్తుంది. కాస్త గట్టిగా వాయించేటప్పుడు ట్రెబుల్‌ని ముట్టుకోకుండా కట్ పెంచండి.

ఇక ఫ్లాట్ సంగతి. మాస్టర్ వాల్యూమ్ ఉంది కదా, తగ్గించి వాయించుకోవచ్చు అనుకోకండి. మాస్టర్ బాగా దించేస్తే ఈఎల్84లకి పని ఉండదు. వినిపించేది ముందు ట్యూబుల సన్నటి గీర మాత్రమే. డబ్బు పోసి కొన్నది ఈఎల్84 నలిగే శబ్దం కోసం, అదే పోతుంది. మాస్టర్ ఒంటిగంట పైన ఉంచి, ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య ఓమ్స్ సరిపోయే అటెన్యుయేటర్ (స్పీకర్‌కి చేరే పవర్‌ని తగ్గించే పెట్టె) పెట్టండి. 15 వాట్ల ఆంప్ నిండుగా నలిగినప్పుడు 15 దాటుతుంది, కనుక అటెన్యుయేటర్ కనీసం 30 వాట్లది ఉండాలి, డీసీ-30కైతే 60. డీసీ-30 హాఫ్ పవర్ స్విచ్ ఇంట్లో పెద్దగా ఆదుకోదు, తగ్గేది మళ్లీ ఆ 3 డెసిబెల్లే.

కరెంటు విషయంలో మాత్రం తొందరపడకండి. ముందు వెనక ప్లేట్ ఫోటో తెప్పించుకోండి. 120 వోల్ట్‌లు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే వోల్టేజ్ దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. మన 50 హెర్ట్జ్‌లో ఆంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కోర్ మీద అయస్కాంత భారం 20 శాతం పెరుగుతుంది, వేడెక్కుతుంది, ఒక్కోసారి ఉమ్మ్ అని మూలుగుతుంది. దానికి తోడు వోల్టేజ్ కూడా ఎక్కువిస్తే కష్టం. సాయంత్రం మీ ప్లగ్‌లో ఎంత వస్తుందో మల్టీమీటర్‌తో చూడండి. 245 దాకా పోతుంటే స్టెప్‌డౌన్‌ని సరిగ్గా 230:110 చుట్టించండి, అప్పుడు 117 వస్తుంది. ఎస్పీ రోడ్డులో చుట్టిచ్చేవాళ్లు దొరుకుతారు. లైట్నింగ్‌కి 300 వీఏ, డీసీ-30కి 500 వీఏ అడగండి. ఎర్త్ లైన్ ప్లగ్ పిన్ నుంచి స్టెప్‌డౌన్ లోపలగా ఆంప్ దాకా తెగకుండా వెళ్లిందో లేదో మీటర్ పెట్టి చూశాకే ప్లగ్ చేయండి. ఎర్త్ లేని స్టెప్‌డౌన్‌తో ట్యూబ్ ఆంప్ వాడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆంప్‌లోనే 230కి మార్చుకునే వీలుంటే, మార్చాక ఫ్యూజ్ విలువ సగానికి దించాలి, స్లో-బ్లో రకమే వేయాలి.

పాత ఆంప్ కాబట్టి బయాస్ (సిగ్నల్ లేనప్పుడు పవర్ ట్యూబుల్లో పారే కరెంట్ సెట్టింగ్) కూడా చూపించండి. రెండింటిదీ కాథోడ్ బయాస్, తిప్పే స్క్రూ ఉండదు. ఉదాహరణకి రెండు ఈఎల్84లకి కలిపి 130 ఓమ్స్ కాథోడ్ రెసిస్టర్ ఉండి, దాని మీద 11.5 వోల్ట్‌లు కనిపిస్తే మొత్తం కరెంట్ 88 మిల్లీఆంపియర్లు, ట్యూబ్‌కి 44. స్క్రీన్ వాటా నాలుగు తీసేస్తే 40. ప్లేట్‌కీ కాథోడ్‌కీ మధ్య 300 వోల్ట్‌లుంటే 12 వాట్లు, ఈఎల్84 గరిష్ఠం అదే. అంతకు మించి చూపిస్తుంటే ట్యూబులు తొందరగా పోతాయి. లోపల 300 దాటిన వోల్టేజ్ స్విచ్ ఆపినా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. అలవాటు లేకపోతే మూత తీయకండి, ట్యూబ్ పని తెలిసిన టెక్నీషియన్‌కి ఇవ్వండి.

మీ అవసరానికి నేనైతే లైట్నింగ్ 15 హెడ్, దానికి జీ12హెచ్ వేసిన ఒంటి స్పీకర్ క్యాబ్ అంటాను. చర్చిలోనూ పబ్‌లోనూ ఎలాగూ మైక్ పెడతారు, 15 వాట్లు ధారాళంగా చాలు. డీసీ-30 తీసుకోవడానికి నాకు కనిపించే బలమైన కారణం ఆ ఈఎఫ్86 ఛానెల్ ఒక్కటే. ఇందిరానగర్, కోరమంగల వైపు గంట లెక్కన ఇచ్చే జామ్ రూముల్లో వాక్స్ ఏసీ30 తరహా ఆంప్ దొరికితే టాప్ బూస్ట్ వాయించి చూడండి. అదే సరిపోయిందనిపిస్తే, రెండో ఛానెల్ లేని లోటు మీకు తెలియదు.