కాశీలో ఒక్కరోజు టూరా? శుక్రవారం మాత్రం పెట్టుకోకండి

"కాశీలో ఒక్కరోజే ఉంటాం, అమ్మానాన్నలు వెంట ఉన్నారు, గైడుతో రోజంతా తిప్పే టూరు తీసుకుంటే మంచిదా, సొంతంగా తిరిగితే మంచిదా?" అని మీ ప్రశ్న. పెద్దవాళ్లు వెంట ఉన్నారన్న మాట చూసి రాస్తున్నాను. నేను తీసుకెళ్లింది అమ్మనూ, పిన్నినీ. ఒకరికి డెబ్బై ఒకటి, ఇంకొకరికి అరవై ఆరు. ఇద్దరికీ కలిపి మోకాళ్లు నాలుగు, పనిచేసేవి ఒకటిన్నర.

మేము దిగిన సత్రం పాండే హవేలీ వైపు. ఆ సందుల్లో కాస్త నడిస్తే కాశీలో ఉన్నామో తెనాలిలో ఉన్నామో అనుమానం వస్తుంది. బోర్డులు తెలుగులో, కేదార ఘాట్ దగ్గర పడవవాళ్ల బేరాలు తెలుగులో. సత్రం పక్కనే ట్రావెల్స్ నడిపే ఆయన ఒక కాగితం చేతిలో పెట్టాడు. పన్నెండు ప్రదేశాలు, పొద్దున అయిదున్నరకు మొదలు, రాత్రి గంగా హారతితో సరి, తెలుగు మాట్లాడే గైడు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీ చూసుకుని ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు పట్టింది. అది గుర్తొచ్చి నవ్వుకున్నాను గాని, డబ్బు మాత్రం కట్టేశాను.

పొద్దున పడవ బాగుంది. ఇందులో నాకు ఏ పేచీ లేదు. ఊరంతా గంగకు పడమటి ఒడ్డునే ఉంది, అవతల ఒడ్డు ఇసుక మేట. ఆ ఇసుక మీదుగా సూర్యుడు లేచి మెట్లన్నిటి మీదా ఒక్కసారే వెలుగు పడుతుంది. గైడుకు ఇరవై అయిదేళ్లుంటాయి, పుట్టిందీ పెరిగిందీ అక్కడే, యాత్రికుల దగ్గరే తెలుగు నేర్చుకున్నాడట. క్రియలన్నీ మనవే, అవి ఉండే చోటు మాత్రం అతనిది. "ఇక్కడ హరిశ్చంద్రుడు మాతాజీ, కాటికాపరి, ఉద్యోగం చేశాడు" అనేవాడు. అమ్మకు తెగ నచ్చేశాడు.

మాన్ మందిర్ ఘాట్ దగ్గరికి వచ్చేసరికి నాకు మొదటి అనుమానం కలిగింది. ఆ భవనం మీద జైపూర్ రాజు సవాయి జైసింగ్ కట్టించిన నక్షత్రశాల ఉంది. ఢిల్లీ, జైపూర్‌లలోని జంతర్ మంతర్లకు తోబుట్టువు. "ఇదేమిటి బాబూ?" అని అడిగాను, తెలియనట్టే. "రాజమహల్ సార్" అన్నాడు. అంతే, పడవ ముందుకు పోయింది. గైడు చెప్పే సంవత్సరాల గురించి ఇక అడగనే వద్దు. అతని లెక్కలో ప్రతి గుడికీ అయిదువేల ఏళ్లు. మనం ఇప్పుడు దర్శనం చేసుకునే విశ్వనాథుడి గుడిని అహల్యాబాయి హోల్కర్ 1780లో కట్టించింది. ఆ మాట చెబితే విశ్వనాథుడి గొప్ప తగ్గిపోతుందా? నర్మద ఒడ్డున మహేశ్వర్ నుంచి ఒక విధవరాలు రాజ్యమేలుతూ కాశీలో గుడి కట్టించిందంటే నాకైతే ఆ అయిదువేల ఏళ్లకన్నా అదే పెద్ద సంగతి.

గుడి దగ్గర ఫోను లోపలికి రానివ్వరు. బయట లాకర్లు ఉన్న కొట్లు వరుసగా ఉంటాయి. లాకరు ఉచితమే, పూలబుట్ట మాత్రం కొనాలి. బుట్టలో ఉన్న పూల వెల, మా వీధిలో ఒక పెళ్లి మండపానికి సరిపోతుంది. గైడు మమ్మల్ని ఒకే కొట్టుకు తీసుకెళ్లాడు, పక్క కొట్టు వైపు చూడనివ్వలేదు. ఎందుకో మీకు వేరే చెప్పనక్కర్లేదు. 2021 డిసెంబరులో గుడి నుంచి గంగ దాకా వెడల్పాటి కారిడార్ తెరిచాక ఇరుకు సందుల బాధ తగ్గింది, నడక మాత్రం పెరిగింది. పిన్ని అక్కడే ఒక మోకాలికి సెలవిచ్చేసింది.

తరువాత దుర్గాకుండం, తులసీ మానస మందిరం, సంకట మోచన్, హిందూ విశ్వవిద్యాలయంలోని కొత్త విశ్వనాథ మందిరం. ఇవన్నీ ఊరికి దక్షిణాన. దిగు, దండం పెట్టు, ఎక్కు. కోతి ఎవరి కళ్లజోడో ఎత్తుకుపోయింది. నాకు అంతకుమించి గుర్తులేదు.

మధ్యాహ్నం రెండున్నరకు బండి ఒక సందు మొదట్లో ఆగింది. "నేత పని చూపిస్తాను, కొనక్కర్లేదు" అన్నాడు. కాగితంలో ఇది లేదు. ముందు గదిలో ఒక మగ్గం, దాని ముందు ఒక ముసలాయన. మేం గుమ్మంలోకి రాగానే నాలుగుసార్లు నాడె విసిరాడు, మేం మేడమెట్లు ఎక్కగానే ఆపేశాడు. పైన తెల్లటి పరుపులు, మసాలా టీ. ఒక కుర్రాడు చీరలు విప్పి గాలిలోకి విసురుతున్నాడు. కొట్టాయన ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి పిన్ని ముక్కు దగ్గర పెట్టాడు. "వెంట్రుక కాలిన వాసన వస్తోందా? అసలు పట్టు." పిన్ని తలూపింది. ఆ పోగు ఏ చీరలోంచి లాగాడో నేను చూశాను. పిన్ని కొన్న చీర అది కాదు. గైడు తీసుకెళ్లిన కొట్టులో అసలు బెనారసీ కొన్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు, ఉంటే చెప్పండి. అక్కడ గడిచింది గంటా ఇరవై నిమిషాలు. గడియారం చూసి మరీ చెబుతున్నాను, ఎందుకంటే ఆ ఇరవై నిమిషాలే తరువాత నన్ను ఏడిపించాయి.

బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన సారనాథ్ ఊరికి ఉత్తరాన పది కిలోమీటర్లు. మేం చేరేసరికి నాలుగుంపావు దాటింది. "నలభై నిమిషాలు సార్, హారతికి చోటు దొరకదు" అన్నాడు. నాకు కావలసింది మ్యూజియం. నేరుగా గేటు దగ్గరికి వెళ్లాను. తాళం. కాపలాదారు కుర్చీలోంచి లేవకుండానే "జుమ్మా" అన్నాడు. ఆ రోజు శుక్రవారం, ఆ మ్యూజియానికి ప్రతి శుక్రవారమూ సెలవే. ఆ ఊళ్లో రోజూ టూరు తిప్పే మనిషికి ఇది తెలియదా? అడిగితే ఏమన్నాడో తెలుసా? "లోపల ఏముంది సార్, రాళ్లే."

అమ్మకు రాళ్లంటే ఏమిటో చెప్పడానికి ఆమె చిల్లర సంచిలోంచే పదిరూపాయల బిళ్ల తీయించాను. "ఈ సింహాలు చూశావా? అసలువి ఈ తలుపు వెనకాల ఉన్నాయి. అశోకుడు నిలబెట్టిన స్తంభం మీదివి. 1905 ప్రాంతంలో ఇక్కడే తవ్వితే బయటపడ్డాయి." అమ్మ బిళ్లను వేలితో తడిమి చూసి, "ఇంతదూరం వచ్చి బిళ్ల మీదే చూడాలా?" అంది. తలుపు వంక, బిళ్ల వంక రెండు మూడుసార్లు చూసి మళ్లీ సంచిలో వేసుకుంది.

మిగిలిన అరగంటలో ధమేక్ స్తూపం దగ్గరికి వెళ్లాం. పిన్ని చీర సంచితో బండిలోనే ఉండిపోయింది. స్తూపం పునాదితో కలిపి నలభై మీటర్లకు పైగా ఎత్తు. కింద రాతి మీద లతలూ చుక్కల ముగ్గుల్లాంటి గళ్లూ చెక్కి ఉంటాయి, పైన వట్టి ఇటుక. చుట్టూ ఎనిమిది గూళ్లు, అన్నీ ఖాళీ. తెల్లబట్టల్లో ఒక గుంపు ఏదో పాఠం చదువుతూ చుట్టూ తిరుగుతోంది. అమ్మ చెప్పులు విప్పింది.

"ఒరేయ్, లోపల దేవుడు ఎవరు?"

నేను నోరు తెరిచేలోపే గైడు అందుకున్నాడు. "లోపల ఏమీ లేదు మాతాజీ. గట్టిది. తలుపు లేదు."

రోజంతటిలో అతను చెప్పిన ఒకే ఒక్క సరైన చరిత్ర అది. కన్నింగ్‌హాం అనే ఇంగ్లీషు ఇంజనీరు 1835లో పైనుంచి నిలువునా తవ్వించి చూశాడు, చెప్పుకోదగ్గది శాసనం ఉన్న ఒక పలక.

"ఏమీ లేకపోతే వీళ్లంతా దేని చుట్టూ తిరుగుతున్నారు నాయనా?" అంది అమ్మ. జవాబు కోసం ఆగలేదు. ఆ తెల్లబట్టల గుంపు వెనకాల చేరిపోయింది. పనిచేసే అర మోకాలితోనే మూడు చుట్లు. వాళ్లలో ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుంది, భాష తెలియదు, ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే నడిచారు. గైడు దూరం నుంచి గడియారం చూపిస్తున్నాడు. ఆ రోజు నేను చూసిన కాశీ అంటే నాకు ఇదే. విశ్వనాథుడి దగ్గర అమ్మను తోసేశారు, ఇక్కడ ఎవరూ తోయలేదు.

పక్కనే ఇంకో స్తూపం అడుగు మాత్రం మిగిలి ఉంది, ధర్మరాజిక. 1794లో కాశీ రాజు దివాను జగత్‌సింగ్ మనుషులు ఇటుకల కోసం దాన్ని విప్పేశారు. లోపల దొరికిన అస్థికల్ని గంగలో కలిపేశారట. మంచి ఉద్దేశమే, ఎవరివో తెలియదు మరి. ఇది విని నవ్వేముందు మన ఇంటి సంగతి చూసుకోవాలి. కొద్ది ఏళ్ల తేడాతోనే అమరావతిలోనూ జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఊరు కడుతున్నప్పుడు దీపాలదిన్నె అనే పాత బౌద్ధ స్తూపం రాళ్లు అలాగే ఇళ్లల్లోకి పోయాయి. మిగిలినవాటిలో చాలా శిల్పాలు ఇప్పుడు మద్రాసులో, లండన్‌లో ఉన్నాయి. మాది తెనాలి దగ్గర. కార్తీకమాసంలో అమరేశ్వరుడి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు, ఆ దిన్నె వైపు ఒక్కసారీ నడవలేదు. కాబట్టి "రాళ్లే" అన్న గైడు మీద నాకు కోపం ఎంత న్యాయమో చెప్పలేను, కోపం మాత్రం ఉంది.

హారతి చూశాం. తలలు బాగా కనిపించాయి.

మీ ప్రశ్నకు వస్తాను. పొద్దున పడవకు మనిషిని పెట్టుకోండి, అంతవరకే. గుళ్లకు గైడు దండగ, మీ సత్రంలో వంటాయన్ని అడిగినా అన్నపూర్ణ గుడికీ విశాలాక్షి గుడికీ సందు చెబుతాడు. పన్నెండు చోట్లు అన్న కాగితం కనిపిస్తే మడిచి ఇచ్చెయ్యండి. ఒక పూట మొత్తం సారనాథ్‌కు ఉంచండి. బ్యాటరీ రిక్షాలు ఉంటాయి, అక్కడ టోటో అంటారు, రాను పోను మాట్లాడుకోండి. శుక్రవారం తప్ప ఏ రోజైనా సరే. చీరల సంగతి మీ ఇష్టం. మా పిన్ని కాశీలో పొట్లకాయ వదిలేసింది, పుట్టి బుద్ధెరిగాక ఆవిడ పొట్లకాయ తిన్నది లేదు. ఆ గైడుతో చీరల కొట్టుకెళ్లే అలవాటు వదిలినా బాగుండేది.

మరుసటి ఏడు ఆఫీసు పని మీద కాశీ వెళ్లినప్పుడు మంగళవారం పొద్దున్నే సారనాథ్ చేరాను. తలుపు తీసి ఉంది. లోపలికి అడుగు పెడుతూనే ఎదురుగా అవే. ఏడడుగుల ఎత్తు, చునార్ రాయి, రెండువేల మూడొందల ఏళ్ల నునుపు. పైన ఒకప్పుడు పెద్ద చక్రం ఉండేది, ఇప్పుడు ముక్కలే మిగిలాయి. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ సంచిలోంచి పదిరూపాయల బిళ్ల తీసింది. అదే బిళ్లో కాదో తెలియదు.

"దీని మీద మూడే కనిపిస్తున్నాయి. నాలుగోది ఉందా మరి?"

"ఉందమ్మా. వెనక్కి వెళ్లి చూశాను."

"అయితే ప్రదక్షిణ చేశావన్నమాట" అంది.