నవ్వించే నాటికలో శాస్త్రం నిలుస్తుందా?

ప్రశ్న: జాతీయ విజ్ఞాన దినోత్సవానికి మా పాఠశాల పిల్లల చేత మలేరియాపై హాస్య నాటిక వేయించాను. అందులో పెద్ద మీసాల ‘దోమాసురుడు’ ఊరందరి రక్తం తాగుతుంటే, దోమతెర రాజు వచ్చి అతన్ని బంధిస్తాడు. పిల్లలు పడీపడీ నవ్వారు గాని, శాస్త్రాన్ని తోలుబొమ్మలాటలోని కేతిగాడి స్థాయికి దించానని తోటి ఉపాధ్యాయులు ఆక్షేపించారు. వారి మాటలో న్యాయం ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, ఉప్పల్, హైదరాబాదు

జవాబు: కేతిగాడితో పోల్చడాన్ని నిందగా తీసుకోనవసరం లేదమ్మా. బుర్రకథలో కథకుడు ఏదైనా చిక్కు సంగతి చెప్పగానే హాస్యపు వంత అమాయకంగా అడ్డుప్రశ్న వేస్తాడు. అది నిజానికి మొహమాటపడి నోరు విప్పని ప్రేక్షకుడి ప్రశ్న. శాస్త్రం చెప్పదలచినవారికి ఇంతకంటే పనికివచ్చే పాత్ర దొరకదు.

మీ నాటికలో లోపం హాస్యం కాదు, మీసాలు. మగదోమ రక్తం తాగదు. పూల మకరందంతో, మొక్కల రసాలతో పొట్ట పోసుకుంటుంది. గుడ్లు ఎదగడానికి కావలసిన మాంసకృత్తుల కోసం ఆడదోమ మాత్రమే కుడుతుంది, అందులోనూ మనుషులకు మలేరియా అంటించేవి అనాఫిలిస్ దోమలే. పట్టితెచ్చిన మీసాల దోమ కొలువులో నిలబడి, “మహాప్రభో, నేను పుట్టు శాకాహారిని, నన్నెందుకు కట్టేశారు?” అని మొరపెట్టుకుంటే నవ్వు తగ్గదు సరికదా, ఆ సంగతి తెలిస్తేనే నవ్వు వస్తుంది కనుక పిల్లలకు రెండూ కలిసే గుర్తుంటాయి.

అయినా మన ఊరి కథ ఉండగా అసురులెందుకు? 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది సికింద్రాబాదులోనే. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న భవనాన్ని పిల్లలకు చూపించవచ్చు. పంకా ఊపితే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే పని చేశాననీ, తన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయనీ ఆయనే రాసుకున్నాడు. ఆ ప్రయోగాల కోసం దోమల చేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి, తనను కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. ఈ దోమల పద్దు రాసే గుమాస్తా పాత్రను మీరు కల్పించుకోండి, హాస్యానికి కొదవ ఉండదు. అయితే నవ్వు గుమాస్తా మీదికో దొరగారి చెమట మీదికో పోవాలి గాని, జ్వరంతో మూలుగుతూ చేయి చాపిన రోగి మీదికి పోకూడదు.

ప్రశ్న: శాస్త్రాన్ని ఆధారం చేసుకున్న కథలో అబద్ధం ఎంతవరకు చెల్లుతుంది?
– కళాశాల విద్యార్థి, చిక్కడపల్లి, హైదరాబాదు

జవాబు: ఒక్క అబద్ధం చాలు, అదీ పాఠకుడు ఇట్టే పోల్చుకోగలిగేంత పెద్దదై ఉండాలి. రేడియో తరంగాలపై ప్రయోగాలు చేసిన జగదీశ్ చంద్ర బోస్ 1896లో ఒక తలనూనె వ్యాపారి పెట్టిన పోటీకి బెంగాలీలో కథ రాశాడు. కలకత్తా మీదికి రావలసిన తుఫాను ఉన్నట్టుండి మాయమై శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటారు. ఓడ మీద వెళ్తున్న ఒక ప్రయాణికుడు తలనూనె సీసాను సముద్రంలో పోయడమే అసలు కారణం. నూనె పొర చిరుకెరటాలను అణచివేస్తుందన్నది నిజం. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర క్లాఫమ్‌లోని ఒక చెరువులో చెంచాడు నూనె పోసి, దాదాపు అర ఎకరం నీరు నునుపు తేలడం చూశాడు. అబద్ధమల్లా పరిమాణంలోనే ఉంది. వెచ్చని సముద్రం నుంచి లేచిన ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు వెలువడే వేడితో బలపడే తుఫాను సీసాడు నూనెకు లొంగదని కథ చదివినవారందరికీ తెలుసు.

దీనికి భిన్నంగా, మనిషి తన మెదడులో పదో వంతు మాత్రమే వాడుకుంటాడనే పుకారును ఆధారం చేసుకున్న కథలను నేను మెచ్చను. పాఠకుడు దాన్ని కల్పన అనుకోడు, పాఠమనుకుంటాడు.

ప్రశ్న: ఇటువంటి నాటిక ముగిశాక శాస్త్ర విషయాలను వివరిస్తూ ఉపన్యాసం ఉండాలా?
– మెహిదీపట్నం పాఠకుడు

జవాబు: అక్కరలేదు. వేదిక పక్కన గుడ్డ కట్టిన రెండు గాజు సీసాల్లో దోమ లార్వాలను ఉంచండి. క్యూలెక్స్ అనే మరో రకం దోమ లార్వా నీటి పైపొర నుంచి తలకిందులుగా వేలాడుతుంది, అనాఫిలిస్ లార్వా పైపొరకు సమాంతరంగా పడుకుంటుంది. తేడాను పిల్లలే కనిపెడతారు. ప్రదర్శన అయ్యాక ఆ నీటిని కాలువలో కాక, ఎండిన నేల మీద పారబోయించండి.