హెచ్‌ఐవీ పరిశోధన చేస్తానంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తున్నాను. మా అమ్మాయి నెల్లూరులో ఇంటర్ బైపీసీ రెండో ఏడాది, నీట్‌కు చదువుతోంది. ఈ మధ్య హెచ్‌ఐవీ పూర్తిగా నయమైన ఒక మనిషి గురించి చదివి, డాక్టర్ కోర్సు వద్దు, రోగనిరోధక శక్తితోనే ఆ జబ్బును తగ్గించే పరిశోధన చేస్తానంటోంది. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా? ల్యాబ్‌లో జబ్బు అంటుకోదా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చెప్పుకోవాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు అంటుకునే భయం సంగతి చూద్దాం. బతికున్న వైరస్‌ను పెంచే పని ప్రత్యేక భద్రత ఉన్న గదుల్లో, శిక్షణ పొందినవాళ్ళే చేస్తారు. పొరపాటున సూది గుచ్చుకున్నా, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి. పైగా చాలా ప్రయోగాలకు అసలు వైరస్‌తో పనే లేదు. పైతొడుగు మాత్రం హెచ్‌ఐవీది ఉండి, ఒక్కసారి కణంలోకి దూరి అంతటితో ఆగిపోయే నకిలీ వైరస్‌ను వాడతారు. 96 గుంటలున్న ప్లాస్టిక్ పలకలో సీరంను (రక్తంలోంచి తీసిన, యాంటీబాడీలు ఉండే ద్రవాన్ని) పలచన చేసుకుంటూ పోసి, నకిలీ వైరస్ కలిపి, పైన కణాలు వేస్తారు. రెండు రోజుల తర్వాత ఒక రసాయనం కలిపితే, వైరస్ దూరిన కణాలు వెలుగుతాయి. వెలుగు తగ్గిందంటే యాంటీబాడీ, అంటే వైరస్‌ను పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రోటీన్, అడ్డుకుందన్నమాట. మీ అమ్మాయి మొదట్లో రోజంతా చేసేది ఇలాంటి పనే. పిపెట్‌తో (చుక్కలు కొలిచి పోసే గొట్టంతో) గుంటలు నింపడం, ఎక్కడో తేడా కొడితే మళ్ళీ మొదటినుంచి చేయడం. దీనికి విసుక్కోని పిల్లలే ఈ లైన్‌లో నిలబడతారు.

ఆమె చదివింది బహుశా తిమోతీ రే బ్రౌన్ గురించి అయ్యుంటుంది. ఆయనకు హెచ్‌ఐవీతోపాటు బ్లడ్ క్యాన్సర్ కూడా వచ్చింది. 2007లో బెర్లిన్‌లో మూలకణాల మార్పిడి చేశారు. దాత కణాల మీద సీసీఆర్5 అనే ద్వారం లేదు, హెచ్‌ఐవీ సాధారణంగా లోపలికి వచ్చేది దానిగుండానే. ఆయన 2020లో క్యాన్సర్ తిరగబెట్టి చనిపోయారు, హెచ్‌ఐవీ మాత్రం తిరిగి రాలేదు. ఇలా నయమైనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ప్రాణాపాయం ఉన్న చికిత్స కాబట్టి క్యాన్సర్ లేనివాళ్ళకు దీన్ని చేయరు.

మిగతావాళ్ళకు ఏఆర్‌టీ అనే, హెచ్‌ఐవీని అణచిపెట్టే మాత్రలే ఆధారం. మన ప్రభుత్వం వాటిని 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తోంది. మాత్రలు వైరస్‌ను పెరగనివ్వవు. కానీ అది సీడీ4 అనే రోగనిరోధక కణాల్లో కొన్నింటి లోపల నిద్రపోతున్నట్టు దాక్కుంటుంది, మాత్రలు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే లేస్తుంది. అమెరికాలోని మిసిసిపీలో హెచ్‌ఐవీతో పుట్టిన ఒక పాపకు మందులు ఆపాక వైరస్ 27 నెలలు కనిపించకుండా ఉండి, 2014లో మళ్ళీ బయటపడింది. అందుకే శాస్త్రవేత్తలు ఆ నిద్రపోతున్న వైరస్‌ను మందుతో లేపి, లేచిన కణాలను శరీరమే చంపేలా చేయాలని చూస్తున్నారు. లేపడం కొంతవరకు కుదిరింది, చంపడమే కుదరలేదు. ఆ పనికి చాలా రకాల హెచ్‌ఐవీని పట్టుకోగల యాంటీబాడీలను, ల్యాబ్‌లో మార్పు చేసిన టీ కణాలను (జబ్బు సోకిన కణాలను చంపగల రోగనిరోధక కణాలను), మందులా పనిచేసే టీకాలను పరీక్షిస్తున్నారు. యాంటీబాడీలు ఇచ్చిన కొందరు మాత్రలు లేకుండా నెలల తరబడి ఉండగలిగారు. అంతకుమించి గట్టిగా చెప్పుకోవడానికి ఇంకా ఏమీ లేదు. (గ్యారంటీగా నయం చేస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళి మాత్రలు మానేసేవాళ్ళను తలచుకుంటే కడుపు మండుతుంది.)

కాబట్టి నా అభిప్రాయం ఇది: హెచ్‌ఐవీ మీద ఆశతో మొదలుపెట్టనివ్వండి, పట్టు మాత్రం ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి శాస్త్రం) మీద సంపాదించమనండి. టీ కణాలను మార్చి వాడే చికిత్సను మనుషుల్లో మొదట ప్రయత్నించినవాటిలో 1990ల నాటి హెచ్‌ఐవీ ప్రయోగాలు ఉన్నాయి. ఇప్పుడు అదే విద్య బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స అయింది. ఐఐటీ బాంబేలో మొదలైన నెక్స్‌కార్19 అనే అలాంటి చికిత్సకు 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. అలా నేర్చుకున్న పని క్యాన్సర్ ల్యాబ్‌లోనూ, హైదరాబాద్ టీకా కంపెనీల్లోనూ అక్కరకొస్తుంది.

ఇక్కడ చేయాల్సిన పని కూడా చాలా ఉంది. హెచ్‌ఐవీలో రకాలున్నాయి, మన దేశంలో ఎక్కువగా ఉన్నది సబ్‌టైప్ సి అనే రకం. విదేశీ పరిశోధన చాలావరకు బి మీద జరిగింది. పుణేలోని ఐసీఎంఆర్ సంస్థ, ఫరీదాబాద్‌లోని టీహెచ్ఎస్‌టీఐ, బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్ఆర్ లాంటి పరిశోధన సంస్థల్లో మన వైరస్ మీద పనిచేస్తున్నారు.

దారి విషయానికొస్తే, ఇంటర్ తర్వాత చేరడానికి ఐఐఎస్ఈఆర్ తిరుపతి (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) మీకు దగ్గర. ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్ కోర్సు. బైపీసీ వాళ్ళు కూడా ప్రవేశ పరీక్ష రాయొచ్చు, కానీ 60 ప్రశ్నల్లో 15 లెక్కలవి. నీట్ పిల్లలు తడబడేది అక్కడే, ఇప్పటినుంచే కాస్త చూసుకోమనండి. అది రాకపోతే నెల్లూరులోనే మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీ డిగ్రీ చేసి, గాట్-బి, ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాసి మంచిచోట ఎమ్మెస్సీ చేయొచ్చు. నీట్ మానొద్దు. ఎంబీబీఎస్ నుంచి కూడా పరిశోధనకు దారి ఉంది, రోగులను దగ్గరగా చూసినవాళ్ళ ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

డబ్బు దాచకుండా చెబుతాను. పీహెచ్‌డీ ముగిసేసరికి ఆమెకు 28, 29 ఏళ్ళు వస్తాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. తోటి పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో అంతకు రెట్టింపు తీసుకుంటుంటే మీరు పోల్చకుండా ఉండగలగాలి.

సంబంధాలవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పండి, సైంటిస్ట్ అవుతోందని. హెచ్‌ఐవీ పేరు విని వెనక్కి తగ్గేవాళ్ళు తగ్గనివ్వండి, ఆ ఇంట్లో ఆమె చదువు ఎలాగూ సాగదు.

చివరిగా మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. సీడ్ వేసే ముందు తెల్లమచ్చ వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయించడానికి ల్యాబ్‌కు పంపిస్తారు కదా. రక్తంలో హెచ్‌ఐవీ ఎంతుందో కొలిచేదీ పీసీఆర్‌తోనే. రొయ్యకు మనలా యాంటీబాడీలు తయారుచేసుకునే ఏర్పాటు లేదు, ఎందుకని మీ అమ్మాయినే అడగండి. సెలవుల్లో ఆమెను ఆ ల్యాబ్‌లో ఒక పూట కూర్చోబెట్టండి. ఇంటికొచ్చాక పిపెట్ గురించి మాట్లాడుతుందో, ఏసీ గది గురించి మాట్లాడుతుందో మీరే వినండి.