పాలు పడవు, పెరుగు పడుతుంది: ఎందుకని?

ప్రశ్న: నాకు నలభై దాటాయి. పొద్దున్నే గ్లాసు పాలు తాగితే గంట తిరక్కుండానే కడుపు ఉబ్బరం, గుడగుడ, ఒక్కోసారి విరేచనాలు. రాగి సంగటిలోకి పెరుగు వేసుకుంటే మాత్రం ఏమీ కాదు. పాలు, పెరుగు కడుపులోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయని, రెండూ మానేయమని మా ఆడపడుచు పోరుతోంది. మానేయాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పెరుగు మానకండమ్మా! మీరు చెప్పినదాన్ని బట్టి పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర మీకు సరిగా అరగడం లేదనిపిస్తోంది. దాన్ని అరిగించే లాక్టేజ్ ఎంజైము చిన్నపేగులో తయారవుతుంది, పసితనం దాటాక చాలామందిలో అది తగ్గిపోతూ వస్తుంది, ప్రపంచంలో సగం మందికి పైగా పెద్దవాళ్ల పరిస్థితి ఇదే కాబట్టి జబ్బేదో వచ్చిందని బెంగపడకండి. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. అప్పుడు పుట్టే గ్యాసే మీ ఉబ్బరం. లాక్టోజ్ పేగులోకి నీటిని లాగుతుంది కాబట్టి విరేచనాలు. మీ ఆడపడుచు అన్నట్టు అవి చావడం కాదు, వాటికి ఒక్కసారిగా మేత ఎక్కువైపోతోంది.

తోడేసిన పాలు పేరుకునేలోపే అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేసి లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయి, పెరుగు పులుపు దానిదే. మిగిలిన లాక్టోజ్ మీ పేగులో అరగడానికి కూడా ఆ బ్యాక్టీరియాలోని ఎంజైమే సాయపడుతుంది. కాకపోతే అవి బతికి ఉండాలి. మజ్జిగ పులుసు కాచితే చచ్చిపోతాయి. పులుసు మానమనడం లేదు, ఈ మేలు కావాలంటే మాత్రం కాచని పెరుగో మజ్జిగో తీసుకోండి, సంగటి పొగలు తగ్గాకే కలుపుకోండి.

పెరుగులోని బ్యాక్టీరియా చాలావరకు పేగులో కాపురం పెట్టవు, కొద్దిరోజుల్లో వెళ్లిపోతాయి, అందుకే ఎప్పుడో ఒకసారి కప్పు నిండా తినేకంటే రోజూ కొంచెం మేలు. పేగులో ఉండిపోయే బ్యాక్టీరియాకు కావలసింది పీచు. రాగులు, జొన్నలు, కందిపప్పు, ఆకుకూరల్లో అది దొరుకుతుంది. సంగటిలో మజ్జిగ పోసుకుంటే రెండూ అందినట్టే, ఈ విషయంలో మన సీమ భోజనానికి నా ఓటు.

పాలు కూడా పూర్తిగా వదలక్కర్లేదు. పరగడుపున గ్లాసెడు తాగకుండా తిండితోపాటు పావు గ్లాసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, పెద్దపేగు బ్యాక్టీరియా చాలామందిలో దానికి అలవాటు పడతాయి. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు.

మలంలో రక్తం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే ఇవేవీ ప్రయత్నించకుండా నేరుగా డాక్టర్‌ను కలవండి.