బీపీ బిళ్లల వల్ల కిడ్నీలు పాడవుతాయా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. కొండపి దగ్గర పొగాకు సాగు చేస్తాం. ఆరు నెలల కిందట తలనొప్పి అంటే చూపించాం, బీపీ 170/100 ఉంది. నెల రోజులు బిళ్లలు వాడాక తగ్గింది, మానేశారు. ఇప్పుడు పాదాలు వాస్తున్నాయని ఒంగోలులో పరీక్షలు చేయించాం. క్రియాటినిన్ 1.6, మూత్రంలో ప్రొటీన్ రెండు ప్లస్‌లు, బీపీ 160/100. బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయా, కిడ్నీల వల్ల బీపీ వచ్చిందా? బీపీ బిళ్లలతో కిడ్నీలు పోతాయని ఊళ్లో అంటున్నారు, నిజమేనా?
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. కిడ్నీలను పాడుచేసేది బిళ్లలు కాదు, అదుపులో లేని బీపీ. నెల రోజుల్లో తగ్గిందన్నారు. అది బిళ్ల పనిచేస్తోంది కాబట్టి తగ్గింది, జబ్బు పోయి కాదు. ఈ ఒక్క అపోహతో మందు మానేసి డయాలసిస్ దాకా వచ్చినవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

గుండె పంపే రక్తంలో ఇంచుమించు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నటి జల్లెడలు ఉంటాయి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటికి రక్తం తెచ్చే నాళాలు మందమై, ఇరుకైపోతాయి. జల్లెడ చెడితే ప్రొటీన్ మూత్రంలోకి కారిపోతుంది. ఇటు రక్తం సరిగా అందని కిడ్నీ, ఒంట్లో బీపీ పడిపోయిందనుకొని రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, బీపీ ఇంకా పెరుగుతుంది. అందుకే ఏది ముందో ఈ రిపోర్టులను బట్టే చెప్పలేం. కంటి రెటీనా, ఈసీజీలో పాత బీపీ ఆనవాళ్లు ఉన్నాయా, స్కాన్‌లో కిడ్నీల సైజు ఎంత, మూత్రంలో రక్తకణాలు ఉన్నాయా, షుగర్ ఉందా చూడాలి. కిడ్నీ జల్లెడలకే వాపు జబ్బు వచ్చి ఉంటే మందులు వేరేగా ఉంటాయి. అవసరమైతే బయాప్సీ, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం. మీవారి వయసుకు అది 1.6 అంటే కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, 53 దరిదాపుల్లో ఉంటుంది. 60 కంటే తక్కువగా మూడు నెలలు కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. అలాగని మూడు నెలలు ఆగి చూద్దామనుకోవద్దు. పాదాల వాపు, ప్రొటీన్ రెండూ ఉన్నాయి కాబట్టి ఈ వారంలోనే ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ నెఫ్రాలజిస్టుకు, అంటే కిడ్నీ డాక్టరుకు చూపించండి.

బీపీ 130/80 లోపు ఉంచడం మన లక్ష్యం. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మందులు బీపీతో పాటు ప్రొటీన్ కారడాన్నీ తగ్గిస్తాయి. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు. ఊళ్లో మాట ఇక్కడి నుంచే పుట్టి ఉంటుందని నా అనుమానం. రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూస్తాం. పెరుగుదల 30 శాతం లోపు ఉంటే మామూలుగా మందు ఆపం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి, కొన్ని రోజులు ఆపాల్సి రావచ్చు.

మీరు రాయలేదు గానీ, ఒక సంగతి అడగాలి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర వేడిలో పనిచేసి, ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చుకొని వేసుకుంటున్నారా? డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, బీపీనీ పెంచుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీ ప్రమాదం. నిజంగా భయపడాల్సిన బిళ్లలు ఇవి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. ఊరగాయ, ఎండుచేపలు, ఊరమిరపకాయల్లో ఉన్నదీ ఇందులోకే వస్తుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది, మీవారికి అది పనికిరాదు.

ఖర్చుకు వెనకాడి మందు ఆపకండి. బీపీ బిళ్లలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, ముఖం ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రాత్రికే ఆస్పత్రికి తీసుకెళ్లండి.