‘ఈ ఒక్కసారి అప్పు కట్టండి, మానేస్తా’ అంటున్నాడు.. పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది వరంగల్ పక్కన పల్లెటూరు. మా ఆయనకు 34 ఏళ్లు. ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. మూడేళ్ల కింద ఐపీఎల్ అప్పుడు ఫోన్‌లో వంద, రెండొందలు పెట్టి మొదలుపెట్టాడు. తర్వాత రమ్మీ, ఇప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద పైసలు పెట్టే ఆట. నా పుస్తెలతాడు తాకట్టులో ఉంది. నిరుడు మా మామయ్య పత్తి పైసలు, ఎడ్లు అమ్మిన పైసలు కలిపి 2 లక్షలు కట్టాడు. ధర్మరాజు కథ చెప్పి బుద్ధి చెప్పాడు. మా ఆయన బాబు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. రెండు నెలలు బాగానే ఉన్నాడు. ఇప్పుడు మళ్లీ 4 లక్షలు తేలింది. లోన్ యాప్‌లవాళ్లు నాకు కూడా ఫోన్ చేస్తున్నారు. మొన్న బాబు గల్లగురిగి పగలగొట్టి 1,340 రూపాయలు తీశాడు. ‘ఈ ఒక్కసారి తీర్చండి, మళ్లీ ముట్టను’ అంటున్నాడు. మామయ్య 20 గుంటలు అమ్ముతానంటున్నాడు. అమ్మాలా? ఇది జబ్బా, బుద్ధి తక్కువా? రాత్రిళ్లు పడుకోడు. ‘నేను పోతే ఇన్సూరెన్స్ పైసలతో మీరన్నా బాగుంటరు’ అని ఒకసారి అన్నాడు. బాబు ఐదో తరగతి. వాడికి ఏం చెప్పాలో కూడా తెలుస్తలేదు. పేరు రాయొద్దు.

జవాబు: అమ్మా, పొలం సంగతి చెప్తాను. కానీ ఉత్తరం చివర్లో ఇన్సూరెన్స్ గురించి ఒక మాట రాశారు. ముందు దాని గురించి మాట్లాడుకోవాలి.

జూదం అప్పుల్లో ఉన్న మనిషి అలా అంటే ఉత్తుత్తి మాటగా తీసేయొద్దు. నిద్ర లేదు, అప్పులవాళ్ల ఫోన్లు ఆగడం లేదు, ఇంట్లో తలెత్తి చూడలేకపోతున్నాడు. ఈ మూడూ కలిసినచోట ప్రాణానికి ప్రమాదం ఎక్కువ. ఇవాళే పక్కన కూర్చుని సూటిగా అడగండి, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. పైగా లోపల కుక్కుకున్నది బయటకు వస్తుంది. మీది పత్తి పండించే ఇల్లు. కొట్టంలో, అటక మీద పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు మిగిలి ఉంటే ఈ రోజే వేరేవాళ్ల ఇంటికి చేర్చి తాళం వేయించండి. కొన్నాళ్లు ఆయన్ను ఒంటరిగా వదలొద్దు. అవునన్నాడంటే, లేదా మీకే గుబులుగా అనిపించిందంటే 108కి ఫోన్ చేసి ఎంజీఎం హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత లైన్ అది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆయనే చేయాలని లేదు, మీరూ చేయొచ్చు.

ఇక పొలం. ఇప్పుడు అమ్మొద్దు.

అప్పు తీర్చొద్దని కాదు నేను చెప్పేది. ట్రీట్‌మెంట్ మొదలుకాకముందే అప్పు మొత్తం ఒక్కసారి మాయమైతే ఏమవుతుందో నిరుడు మీరే చూశారు. రెండు లక్షలు కట్టిన రోజు ఆయనకు ఎంత హాయి దొరికిందో, ఆ హాయే మళ్లీ ఆటకు దారి వేసింది. ‘మునిగినా తేల్చేవాళ్లున్నారు’ అన్న ధీమా ఆయన ఒప్పుకోకపోయినా లోపల కూర్చుంటుంది. ‘ఈ ఒక్కసారి’ అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ నిమిషానికి ఆయనకు అది నిజమే. అందుకే మీరూ నమ్ముతున్నారు.

ఇంకో సంగతి. ఆ 4 లక్షలు అసలు లెక్క కాకపోవచ్చు. మానసిక వైద్యం కోసం నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో మొదటిసారి చెప్పిన అంకె చివరిదాకా నిలబడటం నేను చూడలేదనే చెప్పాలి. ఒకాయన భార్య స్కూలు నోట్‌బుక్కులోంచి కాగితం చింపి నా టేబుల్ మీద పెట్టింది. ఆయన రాశాడు: యాప్‌లు మూడు, గిరిగిరి అప్పు ఒకటి, దోస్తులు ఇద్దరు. కూడితే మూడు లక్షల చిల్లర. పెన్ను కింద పెట్టాడు. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి మళ్లీ పెన్ను తీసుకుని ఇంకో పేరు రాశాడు, ఆమె సొంత తమ్ముడిది. అది చూసి ఆమె ఏడ్చింది, ఆయన కాగితం వెనక్కి తిప్పి అటుపక్క కూడా రాయడం మొదలుపెట్టాడు. ఆ కాగితం పూర్తయ్యాకే మా వైద్యం మొదలైంది.

మీ ఇంట్లోనూ ఆ కాగితం కావాలి. ఎవరికి ఎంత, మిత్తి ఎంత, తాకట్టులో ఏముంది, ఎవరి సంతకం ఉంది. రాసేటప్పుడు తిట్టొద్దు, మామయ్యను కూడా ఆ పూటకు ధర్మరాజును పక్కన పెట్టమనండి. సిగ్గుతో కుంగిపోయిన మనిషికి ఆ కథ కొత్తేమీ కాదు. తిట్లు తిన్న రాత్రే మళ్లీ ఆడిన వాళ్లు ఎందరో నాకు తెలుసు. బాబు తల మీద ఒట్లు కూడా ఇక వద్దు. ఒట్టు తప్పాక ఆ సంగతి చెప్పుకోలేడు, ఇంకా లోతుగా దాస్తాడు. పిల్లాడికి ఏమవుతుందోనన్న భయం అదనం.

జబ్బా, బుద్ధి తక్కువా అని అడిగారు. జబ్బే. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో దీన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల వరసలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఉంది, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న తాజా జాబితాలో వ్యసనాల కిందే పెట్టారు. తేల్చుకోవడానికి డాక్టర్లు వాడే రెండు చిన్న ప్రశ్నలున్నాయి. ఎంత పెట్టి ఆడుతున్నారో ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? రోజురోజుకూ ఇంకా ఎక్కువ పైసలు పెట్టాలనిపించిందా? ఒక్కదానికి అవునన్నా వివరంగా పరీక్షించాలి. మీ ఉత్తరం చదివితే రెండింటికీ అవుననే వచ్చేలా ఉంది.

గెలుపు ఎప్పుడొస్తుందో తెలియని ఆటకు మెదడు త్వరగా అలవాటు పడుతుంది. ప్రతిసారీ గెలిస్తే విసుగొస్తుంది, ఎప్పుడూ ఓడితే మానేస్తాం. అప్పుడప్పుడూ గెలిపించే ఆటే మనిషిని వదలదు. ఒక్క పరుగుతో పోయింది, ఒక్క ముక్క పడితే షో అయ్యేది అనుకున్న ప్రతి ఓటమినీ మెదడు సగం గెలుపులాగే లెక్కేస్తుంది. కొన్నాళ్లకు గెలవాలనే ఆశ కూడా వెనక్కి పోతుంది, ‘పోయినవి రాబట్టాలి’ అన్నదొక్కటే మిగులుతుంది. ఆడకపోతే చిరాకు, చేతులు ఊరికే ఉండవు, అన్నం దగ్గర కూడా ఫోన్ కోసం తడుముకుంటాడు. తాగుడు మానినవాళ్లకు ఉండే ఇబ్బంది లాంటిదే ఇది.

రంగుల ఆట గురించి ఒక పాత ముచ్చట. 1913 ఆగస్టు 18న మోంటే కార్లో జూదశాలలో రూలెట్ (ఎరుపు, నలుపు గళ్లున్న చక్రం) గోళీ వరసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. పదిహేనుసార్లు నలుపు వచ్చాక ఇక ఎరుపు రాక తప్పదని జనం ఎగబడి ఎరుపు మీద పెట్టారు, పెట్టినకొద్దీ పోగొట్టుకున్నారు. కిందటి ఆటలో ఏం పడిందో గోళీకేం తెలుసు? మీ ఆయన కూడా ‘వరసగా ఆరు ఎరుపులొచ్చాయి, ఇప్పుడు ఆకుపచ్చే’ అని లెక్కలు రాసుకుంటూ ఉండొచ్చు. అంకెలతో పనిచేసే గుమాస్తా కదా, తన లెక్క మీద నమ్మకం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. జూదశాలలో కనీసం గోళీ కళ్లముందు తిరిగింది. ఫోన్‌లో అదీ లేదు. ఏ రంగు పడాలో ఆడించేవాడి ప్రోగ్రామ్ చేతిలో ఉంటుంది, దాన్ని తనిఖీ చేసే దిక్కు లేదు.

కేసవుతుందన్న భయంతో డాక్టర్ దగ్గరికి రానివాళ్లున్నారు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా పైసల ఆటలను నిషేధించింది. అందులో మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఆట నడిపేవాళ్లకు. ఆడి మోసపోయినవాళ్లకు ఆ చట్టంలో శిక్ష లేదు. డాక్టర్‌కు చెప్పింది బయటకు పొక్కదు. మానసిక ఆరోగ్య చట్టం 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత.

ఎంజీఎంలో సైకియాట్రీ ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లి చిట్టీ రాయించుకోండి. వైద్యంలో ప్రధానమైనది కౌన్సెలింగ్. ఆడాలనే కోరిక ఏ వేళ, ఎవరితో ఉన్నప్పుడు, ఏ మూడ్‌లో వస్తుందో పట్టుకోవడం, వచ్చిన ఆ అరగంట గడిపే ఉపాయాలు నేర్చుకోవడం, తప్పుడు లెక్కలను ఒక్కొక్కటిగా విప్పడం. కొన్ని నెలలు పడుతుంది. కోరిక మరీ తీవ్రంగా ఉన్నవాళ్లకు నాల్‌ట్రెక్సోన్ లాంటి మందు కొన్నిసార్లు ఇస్తాం, లివర్ పరీక్ష చూసుకుని. మెడికల్ షాపులో అడిగి కొనేది కాదు అది. డిప్రెషన్, తాగుడు అలవాటు వెనకాల ఉంటే వాటికీ వైద్యం చేయాలి. నిద్ర లేకపోయినా మనిషి మహా హుషారుగా, గొప్పలు చెప్తూ, విపరీతంగా ఖర్చు చేస్తూ ఉన్న రోజులుంటే అది కూడా చెప్పండి. అది బైపోలార్ అనే మానసిక జబ్బు కావచ్చు, వైద్యం వేరు. (మీకు సంబంధం లేకపోయినా చదివేవాళ్ల కోసం: పార్కిన్సన్స్‌కు వాడే కొన్ని మందులతో కొందరికి ఉన్నట్టుండి జూదం పిచ్చి పట్టుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లలో అలా కనిపిస్తే మందు మీరే ఆపకుండా, రాసిన డాక్టర్‌కు చెప్పండి.)

ఈలోగా పైసలు ఆయన చేతికి అందకూడదు. జీతం మీ ఖాతాలో పడేలా చూడండి. ఆయన ఫోన్‌లో యూపీఐ తీసేయించండి, ఒప్పుకుంటే కొన్నాళ్లు డబ్బా ఫోన్ వాడమనండి. ఖర్చులకు రోజుకు ఇంతని చేతికివ్వండి. చిన్నతనంగా ఉంటుంది, నిజమే. అందుకే ఇది ఆయన ఒప్పుకుని, ఎన్ని నెలలో రాసుకుని చేసుకోవాలి. నన్ను ఎక్కువ కంగారు పెట్టేది దుకాణం గల్లా. సీజన్‌లో రైతుల పైసలు ఆయన చేతుల మీదుగా పోతాయి. నగదు పని కొన్నాళ్లు వేరేవాళ్లకు అప్పగించమని షావుకారును ఆయనే అడగాలి. కారణం మొత్తం చెప్పనక్కర్లేదు, ఆరోగ్యం బాగోలేదంటే చాలు. మీరు ఆయన వెనకాల వెళ్లి చెప్పకండి.

అప్పుల విషయం. మీరు సంతకం పెట్టని, హామీ ఉండని లోన్‌కు కట్టమని మిమ్మల్ని అడిగే హక్కు యాప్‌వాళ్లకు లేదు. బ్యాంకులు, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. ఫొటోలు మార్చి అందరికీ పంపుతామని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు దాచి 1930కి, సైబర్ క్రైమ్ పోలీసులకు చెప్పండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు మాత్రం తీసుకోవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, ఫోన్ 15100. వైద్యం దారిన పడి నాలుగైదు నెలలు గడిచాక, కాగితంలో ఉన్న అప్పుల్లో ఎక్కువ మిత్తివి ముందు తీర్చేలా, ఆయన జీతంలోంచే నెలనెలా కట్టే లెక్క వేసుకోండి. అప్పటికీ సరిపోక మామయ్య ఏమైనా ఇవ్వాలనుకుంటే నేరుగా అప్పిచ్చినవాళ్లకే కట్టి రసీదు తీసుకోవాలి.

మధ్యలో ఒకసారి జారొచ్చు. ఐపీఎల్ నెలలు, పత్తి పైసలు ఇంటికొచ్చే రోజులు, దీపావళికి ఊళ్లో పత్తాలాట, ఈ మూడు ముందే తెలిసినవి. ఆ రోజుల్లో ఎక్కడుంటాడు, ఎవరితో ఉంటాడు అన్నది ముందుగానే మాట్లాడుకోండి. జారితే అదే రోజు చెప్పగలిగేలా ఇంట్లో వాతావరణం ఉంటే మళ్లీ లాగొచ్చు. ఆయన రానని మొండికేస్తే మీరొక్కరే రండి. మీకు నిద్ర ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. అదీ అడుగుతాం.

బాబుకు పెద్ద కథలేమీ చెప్పక్కర్లేదు. ఐదో తరగతి పిల్లాడికి సగం తెలిసే ఉంటుంది. ‘నాన్నకు ఆరోగ్యం బాగోలేదు, డాక్టర్ దగ్గరికి పోతున్నాం, ఇందులో నీ తప్పేం లేదు’ అనండి. కొత్త గల్లగురిగి కొనండి. ఆ 1,340 రూపాయలు మాత్రం మీరు వేయొద్దు, తాతను కూడా వేయనివ్వొద్దు. రోజుకు మీరిచ్చే ఖర్చుల్లోంచి పదో ఇరవయ్యో మిగిల్చి, బాబు చూస్తుండగా ఆయనే వేయాలి.